ఏడు అంగుళాలు తక్కువైన ఇల్లు

(ఆదివారం సాయంత్రం మా కాలనీ హాల్లో జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని ఎక్కించాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

నమస్కారం అండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడులో నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి. చెయ్యెత్తడం అంటే గుర్తొచ్చింది, మీలో కంటైనర్ ఇల్లు, అదే, ఓడల్లో సరుకు మోసే ఇనుప పెట్టెతో చేసిన ఇల్లు, ఎంతమంది చూశారు? ఫోన్లో కాదమ్మా, లోపలికి వెళ్లి చూసినవాళ్లు. ఒకటి, రెండు... నలుగురు. ఫోన్లో చూసినవాళ్లు? అదీ, అందరూ ఎత్తారు. ఫోన్లో బాగుంటుందండీ. లారీ వస్తుంది, క్రేన్ దించుతుంది, వెనక ఒక పాట వస్తుంది. పాట అయిపోయేసరికి ఆ ఇంటావిడ వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ ఉంటుంది. ఆ పాటలో మున్సిపాలిటీ ఉండదు. మే నెల ఉండదు. ఎదురింటాయన ఉండడు. నేను మాట్లాడబోయేది ఆ ముగ్గురి గురించే.

ముందే చెప్పేస్తున్నా, నేను ఇంజనీరును కాను. సనత్‌నగర్‌లో కంటైనర్ డిపో ఉంది కదా, కేంద్ర ప్రభుత్వ రైల్వే సంస్థ కాంకర్ వాళ్లది, అక్కడ కస్టమ్స్ క్లియరింగ్ పనిలో ముప్పై ఏళ్లకు దగ్గరగా ఉన్నాను. ముంబై దగ్గరి నావా షేవా రేవు నుంచి, చెన్నై నుంచి, వైజాగ్ నుంచి రైలెక్కి వచ్చిన కంటైనర్ల మధ్య తిరిగాను. మేం కంటైనర్ అనం, బాక్స్ అంటాం. బాక్స్ వచ్చిందా, బాక్స్ కదిలిందా, బాక్స్ ఖాళీ అయిందా, ఇవే మాటలు పొద్దస్తమానం. బాక్స్ గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. నిజంగానే బాక్స్ గురించి తెలుసు. ఇల్లు గురించి తెలియదు. ఆ తేడా నాకు రెండేళ్లు పట్టింది అర్థం కావడానికి, డబ్బు కూడా పట్టింది.

బాక్స్ గొప్పతనం రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను, లేకపోతే నేను ఆగను. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 పెట్టెలు పెట్టి నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అక్కడ మొదలైంది ఈ కథంతా. దీన్ని ఇల్లుగా మార్చే పద్ధతికి ఫిలిప్ క్లార్క్ అనే ఆయన 1987లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు, 1989లో వచ్చింది. అంటే ఇదేమీ నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు.

ఇప్పుడు కొలతలు. దయచేసి ఇవి గుర్తుపెట్టుకోండి, కథంతా కొలతల్లోనే ఉంది. బాక్స్ వెడల్పు బయటికి 8 అడుగులు, పొడవు 20 లేదా 40. ఎత్తు మామూలుది ఎనిమిదిన్నర అడుగులు, హైక్యూబ్ అయితే తొమ్మిదిన్నర. ఇవి బయటి కొలతలు. మనిషి బతికేది లోపల కదా? లోపల వెడల్పు 2.35 మీటర్లు. ఎత్తు మామూలుదానికి 2.39, హైక్యూబ్‌కు 2.69. ఈ మూడు అంకెలూ మళ్లీ వస్తాయి.

నాకు ఘట్‌కేసర్ వైపు 200 గజాల ప్లాటు ఉంది. హెచ్‌ఎండీఏ లేఅవుట్, అంటే హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ ఆమోదించినది, ముందు 30 అడుగుల రోడ్డు, ప్లాటు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. రిటైరయ్యాక ఇల్లు కట్టాలి. ఇటుక ఎందుకు, మన బాక్సులు ఉండగా, అనుకున్నాను. మూడు బాక్సులు పక్కపక్కనే పెడితే 24 అడుగులు. ప్లాటు 30. ఇంకేం, అటు మూడు, ఇటు మూడు అడుగులు మిగులుతాయి. కాగితం మీద కూడా వేయలేదండీ ఈ లెక్క, నోటితోనే వేశాను. వేసి మూడు 40 అడుగుల హైక్యూబ్‌లు కొనేశాను. మా ఆవిడ అడిగింది, "ప్లాన్ వేయించారా?" అని. "బాక్స్‌కు ప్లాన్ ఏంటి, అది ఫ్యాక్టరీలో తయారైన సరుకు, రేపు కావాలంటే ఎత్తి ఇంకోచోట పెట్టుకుంటాం" అన్నాను. ఈ మాట మీలో కూడా చాలామంది అనుకుంటున్నారు, మొహాలు చూస్తే తెలుస్తోంది.

అది తప్పు. ఎంత తప్పో చెప్తాను. మన నగరానికి వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం తీసి చూడండి. బిల్డింగ్ అంటే ఏంటి అని మొదట్లోనే ఉంటుంది. ఇల్లు, షెడ్డు, గుడిసె, గోడ, కంచె, అన్నీ వస్తాయి. ఇటుకతో కట్టినా, చెక్కతో కట్టినా, మట్టితో కట్టినా, లోహంతో కట్టినా బిల్డింగే. లోహం అనే మాట అందులోనే ఉందండీ. 1955లో! మెక్లీన్ ఓడ కదలకముందు ఏడాది! బాక్స్ పుట్టకముందే మనవాళ్లు దాన్ని చట్టంలోకి ఎక్కించేశారు. మరి అది టెంపరరీ కదా, చక్రాలు పెడతాం కదా అంటారు. చక్రాలు పెట్టండి. కింద సెప్టిక్ ట్యాంకుకు పైపు కలిపి, స్తంభం నుంచి కరెంటు లాక్కుని, లోపల మంచం వేసుకున్నాక ఆ చక్రాలు ఎవరిని నమ్మించడానికి? సరుకు నింపితే బాక్స్. మనిషి పడుకుంటే ఇల్లు.

సరే, లైసెన్స్ ఉన్న ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా కన్నా చాలా చిన్నవాడు. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, "సార్, ప్లాటు ఎన్ని చదరపు మీటర్లు?" అన్నాడు. 167. "సార్, జీవో 168 ప్రకారం..." అని మొదలుపెట్టాడు. మన బిల్డింగ్ రూల్స్ ఇవే, 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చాయి, సవరణలతో తెలంగాణలోనూ నడుస్తున్నాయి. అందులో ప్లాటు సైజును బట్టి ఎంత జాగా వదలాలో పట్టిక ఉంది. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో, మాలాంటి చిన్న రోడ్డు మీద, ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు. మీటరు అంటే ఎంత? మూడడుగుల మూడున్నర అంగుళాలకు దగ్గర. నేను మూడడుగులు అనుకున్నాను కదా. రెండు వైపులా రెండు మీటర్లు పోతే నాకు మిగిలింది 23 అడుగుల 5 అంగుళాలు. బాక్సులకు కావలసింది 24 అడుగులు.

ఏడు అంగుళాలు తక్కువ.

ఇటుక గోడ అయితే ఏం చేస్తామండీ? మేస్త్రికి చెప్తే ఏడు అంగుళాలు లోపలికి జరిపి కడతాడు. బాక్స్‌ను జరపలేం. కోసి సన్నం చేయలేం. అది ప్రపంచమంతా ఒకే కొలత, అదే దాని గొప్పతనం అని ముప్పై ఏళ్లు నేనే అందరికీ చెప్పాను. ఆ ప్రపంచ కొలత వచ్చి ఘట్‌కేసర్‌లో ఇరుక్కుంది. "ఏడు అంగుళాలే కదా, ఎవరు చూస్తారు" అన్నాను. ఆ అబ్బాయి ఏమన్నాడో తెలుసా? "సార్, ఇప్పుడు ఎవరూ ముందు చూడరు. తర్వాత చూస్తారు. అదే ప్రమాదం."

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. తర్వాత టీజీ-బీపాస్ అన్నారు, 2025 నుంచి బిల్డ్‌నౌ అని కొత్త వెబ్‌సైట్ వచ్చింది. పేరు ఏదైనా ఆ చట్టంలో పెద్ద మార్పు ఏంటంటే, నమ్మకం. 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు వరకు అయితే పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. అంతకన్నా పెద్దది, 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు, నీకు నువ్వే ధ్రువీకరించుకుంటే వెంటనే పర్మిషన్. అంతకు మించితే 21 రోజుల గడువు. మనలాంటి వాళ్లందరం మధ్య కోవలో వస్తాం. వినడానికి సుఖంగా ఉంది కదా? వెంటనే పర్మిషన్! కానీ నువ్వు ధ్రువీకరించింది అబద్ధమని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. పాత రోజుల్లో ఫైలు ఆరు నెలలు తిరిగేది, తిప్పలు పడేవాళ్లం. ఇప్పుడు ఫైలు తిరగదు, మన సంతకమే తిరుగుతుంది. నాకు పాత పద్ధతి కన్నా ఇదే నయం అనిపించింది, కానీ భయం కూడా ఎక్కువే.

అంతటితో అయిపోలేదు. ఆ అబ్బాయి ఇంకో లావు పుస్తకం తీశాడు. నేషనల్ బిల్డింగ్ కోడ్, 2016ది. మనిషి ఉండే గది ఎత్తు 2.75 మీటర్లకు తగ్గకూడదట. మన హైక్యూబ్ లోపల ఎంత? చెప్పండి. ఆ, 2.69. ఆరు సెంటీమీటర్లు తక్కువ. ఏసీ గది అయితే 2.4 చాలు. మామూలు బాక్స్ ఎంత? 2.39. ఒక్క సెంటీమీటరు తక్కువ! గది వెడల్పు 2.4 ఉండాలి. బాక్స్ 2.35. ఐదు సెంటీమీటర్లు తక్కువ. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరో కూర్చుని బాక్స్‌ను పక్కన పెట్టుకుని, ఇది ఎక్కడెక్కడ తప్పుతుందో చూసి మరీ రాసినట్టుంది. ఇవన్నీ ఉత్త బాక్స్ కొలతలు, గుర్తుంచుకోండి. లోపల పఫ్, అంటే వేడి ఆపే నురుగు, కొట్టి, బోర్డు వేస్తే ఇంకా తగ్గుతాయి.

అప్పుడు ఆ అబ్బాయి పెన్సిల్ తీసుకుని నేను ముప్పై ఏళ్లలో ఆలోచించని పని చేశాడు. రెండు బాక్సులే గీశాడు. ఒకటి ఎడమ మీటరు గీతకు ఆనించి, ఇంకోటి కుడి మీటరు గీతకు ఆనించి. మధ్యలో ఖాళీ వదిలేశాడు, 7 అడుగుల 5 అంగుళాలు. "మీ ఊళ్లో పాత ఇళ్లు ఎలా ఉండేవి సార్?" అన్నాడు. మండువా! రెండు వైపులా గదులు, మధ్యలో వెలుతురు. ఆ ఖాళీ మీద బాక్సుల కన్నా రెండడుగులు ఎత్తులో కప్పు వేశాం. పక్కల కిటికీలు పైన పెట్టాం, వేడి గాలి అక్కడి నుంచి పోతుంది. ఆ మధ్య భాగంలో ఎత్తు పదకొండు అడుగులు దాటింది. వంటిల్లు ఏసీ లేనిది కాబట్టి దాన్ని అక్కడే వెనక వైపు పెట్టాం. పడకగదులు బాక్సుల్లో, ఏసీ ఉంటుంది కాబట్టి ఎత్తు సరిపోయింది. వెడల్పు చాలని చోట బాక్స్ లోపలి గోడ కోసి రెండడుగులు హాల్లోకి జరిపాం. మొత్తం చూస్తే మూడు బాక్సులతో నేను అనుకున్న ఇల్లు ఒక రైలు బోగీలా ఉండేది. ఇది ఇల్లులా ఉంది. ఖర్చు చూస్తే మూడో బాక్స్ మిగిలింది.

మూడో బాక్స్ సంగతి చెప్పకుండా ఉండలేను. దాన్ని అమ్ముదామని చూస్తే కాగితాలు లేవు. బయటి దేశం బాక్స్ మన దేశంలోకి సుంకం లేకుండా వస్తుందండీ, ఆరు నెలల్లో తిరిగి పోతుందనే షరతు మీద. ఇక్కడే ఉంచి అమ్మాలంటే ముందు సుంకం కట్టాలి. ఆ కట్టిన కాగితం, జీఎస్టీ బిల్లు, రెండూ ఉంటేనే అది మీది. నాకు అమ్మిన యార్డు వాళ్లు రెండింటికే ఇచ్చి, "మూడోది రేపు పంపిస్తాం సార్" అన్నారు. ఎవరికి? కస్టమ్స్ కాగితాల్లో జుట్టు నెరిసినవాడికి! నేను నమ్మాను. దీపం కింద చీకటి అంటారు చూడండి, అదీ. మూడు నెలలు తిరిగాక కాగితం వచ్చింది. ఇప్పుడా బాక్స్ ఒక సైట్ ఆఫీసు.

కొనేటప్పుడు చూడాల్సినవి చెప్పమని ఒక తమ్ముడు చీటీ పంపాడు. బాక్స్ మీద నంబరు ఉంటుంది, నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. మొదటి మూడు అక్షరాలు యజమానివి, నాలుగోది మామూలుగా యూ. చివరి అంకె తనిఖీ అంకె. పెయింటు వేసి నంబరు చెరిపేసిన బాక్స్ కొనొద్దు. తలుపు మీద సీఎస్‌సీ ప్లేటు ఉంటుంది, బాక్స్ భద్రతకు గుర్తింపు అది, తయారైన నెల, సంవత్సరం దాని మీదే. అదే ప్లేటు మీద చెక్కకు ఏ మందు పట్టించారో కూడా రాసి ఉంటుంది. ఇది ముఖ్యం తమ్ముడూ. కింద ఉండేది 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు కొట్టినది. ఓడలో సరుకుకు ఫర్వాలేదు. మీ మనవడు పాకేది దాని మీద. మేం పీకించేశాం. ఇంకొకటి, పగలు లోపలికి వెళ్లి తలుపులు మూయించుకోండి. ఎక్కడన్నా వెలుగు చుక్క కనిపిస్తే చిల్లు ఉన్నట్టే.

బలం గురించి చాలా అపోహ ఉంది. ఓడ మీద తొమ్మిది అంతస్తులు పేరుస్తారు, ఇంకేం కావాలి అంటారు. నిజమే. కానీ ఆ బరువంతా నాలుగు మూలల స్తంభాల మీదుగా దిగుతుంది. పక్క గోడ ఎంత మందం అనుకుంటున్నారు? ఎక్కువ చోట్ల 1.6 మిల్లీమీటర్లు. ఆ ముడతలు ఉన్నాయి కాబట్టి నిలబడుతుంది. మీరు కిటికీ అని కోశారంటే ఆ బలం కోసినట్టే. మా వెల్డర్ మంచి పనివాడు, గేట్లు చేయడంలో ఎదురులేదు. పదహారు అడుగుల గోడ కోయమంటే ముందు కోశాడు, ఫ్రేమ్ తర్వాత పెడదామని. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి గోడ పై అంచున ఉండే ఇనుప దూలం అర అంగుళం కిందికి వంగి ఉంది. జాకీలు పెట్టి లేపాం. ముందు నలుపలకల ఇనుప పైపుతో ఫ్రేమ్ వెల్డ్ చేయాలి, తర్వాత కోయాలి. నాలుగు మూలలతో పాటు కోసిన చోట కింద కూడా పిల్లర్ పడాలి. ఇది స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాల్సిన విషయం, వెల్డర్ కాదు, నేను కాదు. గాలికి ఎగిరిపోతుందా అని అడుగుతారు. ఖాళీ 40 అడుగుల బాక్స్ నాలుగు టన్నులకు కొంచెం తక్కువ. మన హైదరాబాద్‌కు కోడ్‌లో గాలి వేగం సెకనుకు 44 మీటర్లు పెట్టి లెక్కేస్తారు. అందుకని పిల్లర్ మీద ఊరికే కూర్చోబెట్టరు, ఇనుప ప్లేటు పోత పోసి దానికి వెల్డ్ చేస్తారు.

బాక్సులు దించిన రాత్రి సంగతి వినండి. 2024 సెప్టెంబరు. పగలు నగరంలోకి ట్రెయిలర్ రానివ్వరు, అందుకని రాత్రి పదకొండు దాటాక వచ్చింది. మా వీధి మలుపులో తిరగదు. ముందుకు, వెనక్కు, ముందుకు, వెనక్కు, గంట సేపు. పైన కేబుల్ వైర్లు కర్రతో ఎత్తి పట్టుకున్నాం. డ్రైవర్ విసిగిపోయి గట్టిగా అరిచాడు, "హైడ్రా ఎప్పుడొస్తది సార్? హైడ్రా వస్తే గాని పని గాదు!" అని. మీకు నవ్వొస్తోంది. ఆ నెలలో మన ఊళ్లో హైడ్రా అంటే ఏమిటండీ? చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ. జూలైలోనే పెట్టారు, ప్రతిరోజూ టీవీలో చెరువు పక్కన ఏదో ఒకటి కూలుతోంది. మా వీధిలో టకటకా లైట్లు వెలిగాయి. ఎదురింటాయన లుంగీ మీద, చేతిలో డాక్యుమెంట్ల ఫైలుతో గేటు దగ్గరికి వచ్చేశాడు. "మాది హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్ అండీ!" అంటాడు. అయ్యా, ఇది ఆ హైడ్రా కాదు, క్రేన్ హైడ్రా అని చెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. ఇప్పటికీ ఆయన నాతో సరిగ్గా మాట్లాడరు.

కానీ ఆ భయం ఊరికే రాలేదు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు కొని కంటైనర్లు పెడుతున్నవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. మీకు మూడు ప్రశ్నలు. ఆ భూమి ఇంకా వ్యవసాయ భూమేనా? అయితే ఇల్లు పెట్టేముందు నాలా మార్పిడి, అంటే దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించడం, జరగాలి, అది 2006 చట్టం. రెండు, జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన జీవో 111లోని 84 గ్రామాల్లో మీ ఊరు ఉందా? దాన్ని ఎత్తేశారని బ్రోకర్ చెప్తాడు. బ్రోకర్ చెప్పిన మాట బ్రోకర్ దగ్గరే ఉంచి, అక్కడ పర్మిషన్ ఇస్తారా అని ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. మూడు, పక్కన చెరువుందా? పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువు అయితే ఎఫ్‌టీఎల్ గీత నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే గీత నుంచి, 30 మీటర్లు, చిన్నదయితే 9 మీటర్లు బఫర్, అక్కడ కట్టకూడదు. ఎండాకాలంలో నీళ్లు కనిపించవు. గీత మాత్రం మ్యాపులో ఉంటుంది. బాక్స్‌ను ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు, నిజమే. పక్కన కూడా మీ భూమే ఉండాలి కదా?

ఇక మే నెల. ఇనుప రేకు, నలభై రెండు డిగ్రీల ఎండ. లోపల ఏముంటుందో వేరే చెప్పాలా? కానీ నన్ను ముందు భయపెట్టింది ఎండ కాదండీ, చలి. డిసెంబరులో వాచ్‌మన్ ఒక బాక్స్‌లో పడుకున్నాడు. తెల్లారి "సార్, కప్పు కారుతోంది" అన్నాడు. వాన లేదు. నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే దీని మీద నేను సర్వీసులో ఎన్ని క్లెయిములు చూశానో. కంటైనర్ రెయిన్ అంటాం. లోపలి తేమ చల్లటి ఇనుముకు తగిలి నీళ్లవుతుంది, కాఫీ గింజలు తడుస్తాయి, అట్టపెట్టెలు తడుస్తాయి. ఇక్కడ వాచ్‌మన్ ఊపిరే కప్పు మీద నీళ్లయింది. పైన ఎంత ఖరీదైన బోర్డు వేసినా ఇనుముకు, బోర్డుకు మధ్య గాలి దూరిందంటే లోపల ఎవరికీ కనపడకుండా తుప్పు పడుతుంది. అందుకే రేకుకు అంటుకుపోయేలా క్లోజ్డ్ సెల్ పఫ్, అంటే తేమ దూరని రకం, స్ప్రే చేయించాం, రెండు అంగుళాలు. వంటింటి వైపు మాత్రం రాక్‌వూల్, అంటే నిప్పంటుకోని రాతి దూది. పఫ్‌కు నిప్పంటుకుంటే పొగ విషం, అందుకే దాన్ని ఎప్పుడూ బోర్డు వేసి మూసే ఉంచాలి. వెల్డింగ్ పని మొత్తం అయ్యాకే స్ప్రే. స్ప్రే అయ్యాక ఒక్క నిప్పురవ్వ కూడా లోపల పడకూడదు. "చిన్న ముక్క మిగిలింది సార్, రెండు నిమిషాలు" అన్నాడు మా వెల్డర్. కుదరదన్నాను.

బాక్సుల పైన అడుగున్నర ఎత్తులో ఇంకో రేకు కప్పు వేసి, తెల్ల పెయింటు వేశాం. ఎండ దాని మీద పడుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. తెల్ల కప్పు మాట నేను కనిపెట్టింది కాదు, 2023లో మన ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది, పెద్ద ప్లాట్ల ఇళ్లకు తప్పనిసరి కూడా చేసింది. 2025 మే మధ్యాహ్నం మా హాల్లో ఏసీ లేకుండా కూర్చోగలిగాం. హాయిగా అని అనను. కూర్చోగలిగాం. బాక్స్ గదుల్లో ఏసీ లేకుండా కుదరదు, ఎవరైనా కుదురుతుందని అంటే వాళ్లను మే నెలలో రెండింటికి మీ ముందు అందులో కూర్చోమనండి.

కరెంటు గురించి ఒక్క మాట. ఇల్లంతా ఇనుమే కదా. ఒక్క వైరు ఇన్సులేషన్ కోసిన రేకు అంచుకు రాసుకుంటే గోడంతా కరెంటు. రెండు బాక్సులకూ విడివిడిగా ఎర్తింగ్, రెండింటినీ కలుపుతూ పట్టీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్. ఇక్కడ పొదుపు చేయొద్దు.

ఖర్చు. అందరూ దీనికోసమే వచ్చారని తెలుసు. చవకా? కాదు. మా ఇంట్లో బాక్సుల ధర మొత్తం ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు. మిగతాదంతా కోయడం, కోసినదాన్ని మళ్లీ బలపరచడం, వేడి ఆపడం. పక్కింటి ఇటుక ఇల్లుతో పోలిస్తే డబ్బు కొంచెమే తగ్గింది, నెలలు తగ్గాయి. లోన్ కోసం బ్యాంకుకు వెళ్తే ఆ మేనేజర్ గారు ఫోటో చూసి, "ఇది బండా, ఇల్లా?" అన్నారు. ప్లాన్ కాపీ, పర్మిషన్ కాగితం ముందు పెట్టాక మాట మారింది. లోన్ అడిగిన దానికన్నా తక్కువే ఇచ్చారనుకోండి.

ఆ చివర అమ్మగారు చెయ్యెత్తారు. వాన పడితే చప్పుడు రాదా అంటున్నారు. వస్తుందమ్మా. మధ్య హాలు కప్పు ప్యానెల్ కాబట్టి అక్కడ తెలియదు. గదుల మీద రెండో రేకు ఉంది చూశారూ, అది మాత్రం మోగుతుంది. మొదటి పెద్ద వానకు మా ఆవిడ అర్ధరాత్రి లేచి, "ఎవరో వచ్చారు, మున్సిపాలిటీ వాళ్లేమో చూడండి" అంది. నేను నిజంగానే లేచి కాగితాల కవరు తీసుకుని తలుపు తీశాను. కుక్క ఒకటి వరండాలో ముడుచుకుని పడుకుని ఉంది.

టీ వచ్చినట్టుంది. డ్రాయింగు ఆ బల్ల మీద పరిచాను, ఫోటోలు తీసుకోండి. వెళ్లేముందు ఎవరి ప్లాటు వెడల్పు ఎంతో నాకు చెప్పండి, అడుగుల్లో కాదు, మీటర్లలో.